నా వైపు కుంగిన సముద్రం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ గుడ్డకూ చావు ఉండేది కాదు. నాన్న పంచె అంచు చిరిగితే తువ్వాలయ్యేది. తువ్వాలు పలచబడితే వంటింట్లో మసిగుడ్డ అయ్యేది. మసిగుడ్డగా కూడా పనికిరాకుండా పోతే సైకిల్ తుడుచుకోవడానికి నా వాటాకి వచ్చేది. (సైకిల్ కూడా అలాగే వచ్చింది, ఆ ఏడుపు వేరే.) చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె ఇల్లు, నాన్నకు ప్రభుత్వాఫీసులో ఉద్యోగం, అమ్మ పొదుపు. అలాంటి ఇంట్లో, అలాంటి గుడ్డల్లోంచే ఒక సముద్రం తయారైంది. దాని గురించి ఇన్నేళ్లుగా మా వాళ్లంతా చెప్పుకుంటున్న కథ తప్పు. ఆ తప్పు కథను ప్రచారం చేసినవాణ్ణి నేనే.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కోపం వచ్చి గుర్తొచ్చింది. మొన్న ఆదివారం మా బావ భోజనానికి వచ్చాడు. ఇప్పుడు మేం ఉంటున్నది అశోక్‌నగర్‌లో. ముందుగది గోడకు వేలాడుతున్న ఆ గుడ్డల సముద్రం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, తల ఒక పక్కకు వాల్చి, "అంతా బాగానే ఉందోయ్. కానీ నీళ్లూ ఆకాశమూ కలిసే గీత చూశావా, ఎడమ వైపు ఎలా కిందికి జారిందో? పాపం, మీ పిన్నికి కొలతలు తెలిసినట్టు లేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. భోజనాల దగ్గర పెరుగు గిన్నె ఆయనకు అందకుండా ఇవతలికి జరిపాను. అంతకంటే ఏమీ చేయలేను, మా అక్క మొగుడాయె. ఆయన వెళ్లాక మా ఆవిడ, "ఆయన మీద ఎందుకండీ ఎగురుతారు? పెళ్లిళ్లలో ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించేది మీరు కాదూ?" అంది. నిజమే. నేను చెప్పే కథలో పిన్నికి కొలత తెలియదు, ప్రదర్శన పెట్టినాయనకు బుద్ధి లేదు. బుద్ధిమంతుణ్ణి నేనొక్కణ్ణే. వినేవాళ్లు నవ్వేవాళ్లు, నేను ఇంకాస్త కలిపేవాణ్ణి. నలభై దాటి చాలా దూరం వచ్చాను. ఇకనైనా జరిగింది జరిగినట్టు చెప్పాలి.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. బళ్లు మళ్లీ తెరిచారు గానీ మా కాలేజీ ఇంకా సరిగ్గా నడవడం లేదు. మేం కోస్తా నుంచి వచ్చినవాళ్లమని మా వీధిలో అందరికీ తెలుసు, నేను మాత్రం ఎవరికీ తెలియదనే అనుకునేవాణ్ణి. నోరు తెరిస్తే పట్టుబడతానని దుకాణాల్లో వేలితో చూపించి సరుకులు కొనేవాణ్ణి. నా క్లాసువాడు, రాంనగర్ కుర్రాడు ఒకడుండేవాడు. కళ్లద్దాలు పెట్టుకుంటాడని వాణ్ణి 'చష్మా' అనేవాళ్లం. వాడి దగ్గర 'జర', 'ఏంది', 'ఇట్ల' నేర్చుకున్నాను. అవి నా నోట్లో పక్కింటివాళ్ల చొక్కాలా వదులుగా వేలాడేవి. "అరె, నువ్వు నీ లెక్కనే మాట్లాడు బే, నువ్వు మా లెక్క మాట్లాడుతుంటె నాకు నవ్వాగుతలేదు" అనేవాడు చష్మా. (ఆ మాట అప్పుడే చెవిన పెట్టి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.)

మా పిన్ని అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే కొద్ది ఏళ్లే పెద్ద. భీమిలి నుంచి వచ్చి నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరుగా చేరి, మా ఇంట్లోనే ఉండేది. మొదటి ఆదివారం ఆవిణ్ణి హుస్సేన్ సాగర్ గట్టుకు తీసుకెళ్లాం. కాసేపు చూసి, "అవతలి ఒడ్డు కనిపించేస్తోందే" అని, ఎవరో మోసం చేసినట్టు ముఖం పెట్టి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఇంట్లో వస్తువులు మాయం కావడం మొదలైంది.

ముందు బియ్యం వచ్చిన గోనెసంచులు పోయాయి. పిన్ని వాటిని విప్పి, ఉతికి, ఒకదాని కింద ఒకటి కుట్టి, దుప్పటంత చేసింది. నాన్న పాత పంచె నీలిమందులో మునిగి ఆకాశమైంది. అమ్మ చీరల చింపులు కుచ్చులు కుచ్చులుగా అలలయ్యాయి. దోమతెర మూల నురగైంది. ("సముద్రం కావాలంటే రైలెక్కి వెళ్లి చూసిరావే, నా దోమతెర జోలికి రాకు" అని అమ్మ అరిచింది. ఆ ఏడు దోమలు కూడా మా చెవుల్లో బాగానే అరిచాయి.) భీమిలి దారిలో ఉండే ఎర్రమట్టి దిబ్బల కోసం పాత లంగాలను కావిరంగులో ముంచింది. ఒడ్డున తుమ్మబంక పూసి నిజం ఇసుక చల్లింది. ఊరి నుంచి డబ్బాలో తెచ్చుకున్న గవ్వలూ ఆల్చిప్పలూ గట్టి దారంతో బిగించింది. కొబ్బరిపీచు పడవల తాళ్లయింది. ఒకరోజు వాన పడుతుంటే ఆఫీసుకు బయల్దేరిన నాన్న గొడుగు విప్పారు. ఊచలు మాత్రం విచ్చుకున్నాయి. "నా గొడుగు బట్ట ఏమైంది?" అని ఆయన గర్జిస్తే, పిన్ని తల ఎత్తకుండానే, "తుపాను మబ్బైంది బావగారూ" అంది. నాన్న ఆ ఊచల కింద తడుస్తూనే ఆఫీసుకు వెళ్లారు. మొండితనంలో వాళ్లిద్దరూ ఒకరికొకరు తీసిపోరు.

ఇప్పుడు బావ వినాల్సిన ముక్క. ఆ గీతను పిన్ని అన్నిటికంటే ముందు వేసింది. స్కేలుతో కాదు, సుద్దముక్కతో కాదు. గోనె నేతలో ఒక్క పోగు పట్టుకుని, తెగకుండా, ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా లాగేసింది. పోగు పోయిన చోట సన్నటి గాడి పడుతుంది. నేత ఎంత తిన్నగా ఉంటే ఆ గాడి అంత తిన్నగా ఉంటుంది. దాని వెంటే పైన పంచె, కింద చీర కుట్టింది. దండెం మీద వేసి, వీలైనంత వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసేది. "సముద్రంలో అలలు ఎలా ఉన్నా ఫరవాలేదురా. ఆ గీత మాత్రం ఒంగకూడదు" అనేది. కొలతలు తెలియవట!

అప్పుడే నారాయణగూడలో ఒక హాల్లో ఆడవాళ్ల చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. పిన్నికి ఒకటే కోరిక, బహుమతి కాదు. తన సముద్రం గోడకు వేలాడాలి. అలాంటి చోట్ల రంగుల బొమ్మలు గోడకెక్కుతాయి, కుట్టుపనులు బల్ల మీద పడుకుంటాయి. వచ్చినవాళ్లు దిండు గలీబులతో పాటు వాటిని తిరగేసి, ముడులు బాగా వేశారా లేదా అని వెనక వైపు చూసిపోతారు. "నా పని ఎవరూ తడిమి చూడక్కర్లేదు. దూరం నుంచి నిలబడి చూడాలి. ఒక్కసారి గోడ మీద చూసుకుంటే చాలురా నాకు" అంది. ఆ రోజు ఆవిడకు పొద్దుట బడి ఉంది. అందుకని సముద్రాన్ని హాలుకు చేర్చే పని నాకప్పగించింది. "ఇది గోడకండీ అని చెప్పు. మరిచిపోకు" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

చుట్ట చుట్టిన సముద్రాన్ని ఒళ్లో పెట్టుకుని రిక్షాలో బయల్దేరాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా దారంతా కొద్దికొద్దిగా ఇసుక రాలింది. హాలు దగ్గర వస్తువులు తీసుకుంటున్నది భుజాన కండువా ఉన్న ఒక పెద్దమనిషి. నా వెనక ఎవరెవరో నిలబడి ఉన్నారు, ఉద్యమం గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నా వంతు వచ్చింది. "ఏందిది తమ్మీ?" అన్నాడు కండువా పెద్దాయన, హాలంతా వినబడేలా. సముద్రం అంటే ఏ సముద్రం అంటాడు. భీమిలి అంటే మీది ఆ పక్కనా అంటాడు. వెనకవాళ్లు మాటలాపి నా వైపు చూస్తారు. ఇదంతా అర నిమిషంలో నా బుర్రలో జరిగిపోయింది, బయట ఎవరూ ఏమీ అనలేదు. నా నోటి నుంచి, చష్మా నేర్పిన యాసలో, "బల్లగుడ్డ అన్నా, జర మంచిగ చూస్కోర్రి" అని వచ్చేసింది. ఆయన చుట్టను ఎత్తి చూసి, "బల్లగుడ్డ ఇంత బరువుంటదా?" అన్నాడు. "గట్టిగుండాలె గద" అన్నాను. అని, పెద్ద పని చేసినవాడిలా బయటికొచ్చి, చౌరస్తాలో ఇరానీ హోటల్లో చష్మాతో టీ తాగాను.

మధ్యాహ్నం బడి వదలగానే పిన్ని నన్ను వెంటబెట్టుకుని హాలుకు వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. గోడలన్నీ వరసగా చూసుకుంటూ నడిచింది. నెమళ్లున్నాయి, కొండలున్నాయి, కుండెత్తుకున్న అమ్మాయిలున్నారు. సముద్రం లేదు. తర్వాత చూశాం. హాలు చివర పొడుగాటి బల్ల, దాని మీద పరిచి ఉంది సముద్రం. తుపాను మబ్బు మీద టీ కెటిలు. ఎర్రమట్టి దిబ్బల మీద బిస్కెట్ల పళ్లెం. అలల మీద కప్పులు, సాసర్లు. పెద్దమనుషులు చుట్టూ చేరి తాగుతున్నారు. ఒకాయన నోట్లోంచి ఇసుక రేణువు తీసి, "ఏందయా, బిస్కట్ల ఉసికె ఉన్నది!" అంటున్నాడు.

పిన్ని గట్టిగా మాట్లాడగా అంతవరకు నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా ముందు చేతులే కదిలాయి. ఒక్కో కప్పూ తీసి, ఎవరిది వాళ్ల చేతిలో పెట్టింది. పళ్లెం ఒకాయనకిచ్చింది. కెటిలు కండువా పెద్దాయన చేతికిచ్చింది. అది కాలుతోంది, ఆయన చేతులు మార్చుకుంటూ చిన్న గంతులు వేస్తున్నాడు. అలల మీద కప్పు పెట్టిన చోట గుండ్రంగా టీ మరక.

"ఇది ఇక్కడ ఎవరు పరిచారండీ?"

"నేనేనమ్మా. ఏమైంది?"

"ఇది సముద్రం."

"సముద్రమా?" అని ఆయన ఆ గుడ్డను మళ్లీ చూశాడు. "అట్లనా! పండవెట్టినం గద, సమజ్ కాలె."

"సముద్రాన్ని పైనుంచి ఎవరు చూస్తారండీ, కాకులు తప్ప? నిలబెట్టి చూడాలి. గోడకు వేసేదాని మీద టీ తాగుతారా?"

"జర నా మాట ఇనమ్మా. నాకేమెర్క? మీ పిల్లగాడే బల్లగుడ్డ అని జెప్పిండు."

పిన్ని నా వైపు తిరిగింది. నేను ఒక నెమలి బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాను. (పెళ్లిళ్లలో నేను చెప్పే కథలో ఈ వాక్యం ఉండదు. కండువా పెద్దాయన తనంతట తనే బల్లగుడ్డ అనుకుంటాడు. పాపం, ఇన్నేళ్లూ ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఆయన్ను చూసి నవ్వారో!)

"సరే, గోడ మీద పెట్టండి" అంది పిన్ని.

"గోడలు నిండినయమ్మా. నువ్వే చూడు. యాడ పెట్టాలె మరి?"

"గోడ లేకపోతే మనుషులున్నారు. రారా" అని నా చెయ్యి పట్టుకుని లాగింది.

హాలు గుమ్మం పక్కన వసారాలో ఆ చివర పిన్ని, ఈ చివర నేను, మా తలల కంటే ఎత్తుగా సముద్రాన్ని పట్టుకుని నిలబడ్డాం. వచ్చేపోయేవాళ్లకు సముద్రమూ, దాని పైన నాలుగు గుప్పిళ్లూ, కింద రెండు జతల కాళ్లూ కనిపిస్తాయి. మాకు వెనక వైపు గోనె, ముడులు, వేలాడే దారాలు, కింద సందులోంచి జనం కాళ్లు. గోనె, ఇసుక, గవ్వలు కలిసి ఎంత బరువో నాకు కొద్దిసేపట్లోనే తెలిసొచ్చింది.

"సముద్రం అని చెప్పడానికి నోరు రాలేదా?" అంది పిన్ని, నా వైపు చూడకుండా.

"వెనక జనం ఉన్నారు పిన్నీ. ఈ రోజుల్లో..."

"ఈ రోజుల్లో?"

"మనది ఆ పక్క అని తెలిస్తే ఏమంటారో అని."

"నేను రోజూ ఇక్కడి పిల్లలకు సూదిలో దారం ఎక్కించడం నేర్పుతున్నాను. ఏ ఊరు టీచరూ అని అడుగుతారు. భీమిలి అంటాను. సముద్రం ఎలా ఉంటుంది అని అడుగుతారు. చెప్పలేకే ఇది కుట్టాను. ఎవరూ ఏమీ అనకముందే నువ్వు దీన్ని బల్ల మీద పడుకోబెట్టావు. చేతులెత్తు, జారుతోంది."

ఎత్తాను. కాళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. "పరదాలమ్ముతున్నరా? గజమెంత?" అని ఒక గొంతు. "అమ్మడానికి కాదు, చూడండి" అని పిన్ని. "వామ్మో, గవ్వలు నిజమైనవేనే!" అని ఒకమ్మాయి. కొన్ని జతల కాళ్లు ఆగి, వెనక్కి నాలుగడుగులు వేసి, మళ్లీ నిలబడేవి. అలా వెనక్కి నడిచినప్పుడల్లా పిన్ని గుప్పిళ్లు ఇంకాస్త పైకి లేచేవి.

అంతలో నాకు తెలిసిన గొంతు వినిపించింది. చష్మా! వెనక మా క్లాసువాళ్లు ఇంకొందరు. ఊపిరి బిగబట్టి గోనెకు ముఖం ఆనించుకున్నాను. "అరె, ఆ చెప్పులు మనోడియే బే! నీలి పట్టీ, పిన్నీసు కూడ ఉన్నది" అన్నాడు చష్మా. (తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి వాడుకోవడం మా ఇంటి పొదుపు. అదే నన్ను పట్టించింది.) వాడు మెల్లగా సముద్రం వెనక్కి వచ్చాడు. రెండు చేతులూ పైకెత్తి, చంకలు ఖాళీగా పెట్టుకుని నిలబడ్డవాడు స్నేహితుడికి దొరికితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. చక్కిలిగింతలు పెట్టాడు. "ఒద్దురా! చంపుతాను! ఒరేయ్!" అని నేను మెలికలు తిరిగాను. అప్పుడు మాత్రం కోస్తా యాసలోనే అరిచాను, యాస మార్చే తీరిక లేదు. సముద్రం వదల్లేదు గానీ నా బరువంతా దాని మీద వేలాడదీశాను. పటపటమని పోగులు సాగిన చప్పుడు. నా వైపు పై అంచు జానెడు కిందికి దిగింది.

"ఎవడ్రా అది?" అన్న పిన్ని అరుపుకు చష్మా అవతలికి దూకాడు. దూకినవాడు ముందు నుంచి సముద్రాన్ని చూశాడు. ఇంకో చిలిపి మాట కోసం ఎదురు చూశాను, రాలేదు. వాడి కాళ్లు వెనక్కి నడిచాయి, ఆగాయి.

"అక్కా, సముద్రం ఇట్లుంటదా?" అన్నాడు.

"ఇలాగే ఉంటుంది" అంది పిన్ని, ఇంకా కోపంగానే.

"అవుతల గట్టు లేదా?"

"లేదు."

"మరి కండ్లు యాడ ఆపాలె?"

ఆ రోజు పిన్ని నవ్వింది అప్పుడే. "అదే కదా నాయనా" అంది. ఆ నవ్వు నాకు కాకుండా వాడికి దక్కినందుకు నాకు మళ్లీ మండింది. వాడు ఊరుకోలేదు. "ఏందిరా, సముద్రం అని చెప్పొచ్చు గద? మేమెన్నడు చూడలె. చెప్పుంటె అందర్ని తోల్కొస్తుంటి" అని నన్నే తిట్టాడు. తర్వాత పిన్ని వైపు వెళ్లి, "నేను పట్టుకుంట అక్కా. నువ్వు పోయి ముంగట నుంచి చూస్కో" అన్నాడు.

పిన్ని పాదాలు సముద్రం ముందుకు వెళ్లాయి. మెల్లగా వెనక్కి, ఇంకా వెనక్కి, మెట్ల అంచు దాకా నడిచాయి. అంత దూరం నుంచి తన పనిని తను చూసుకోవడం ఆవిడకు అదే మొదలు. మా గదుల్లో అంత వెనక్కి నడిచే చోటు లేదు. మెట్ల దగ్గర్నుంచి ఆవిడ గొంతు వినిపించింది: "నీ వైపు ఎత్తరా."

ఎత్తాను. మునివేళ్ల మీద లేచి ఎత్తాను. అయినా గీత లేవలేదని తర్వాత తెలిసింది. గోనె సాగాక మళ్లీ వెనక్కి రాదు.

వెలుగు తగ్గుతుండగా కండువా పెద్దాయన వచ్చాడు. అరచేయి ఎర్రగా ఉంది, ఏదో పూసుకున్నాడు. "రెండు నెమళ్లు తీపిచ్చిన. రేపు పొద్దుగాల దీస్కరామ్మా, గోడకు పెడ్దాం" అన్నాడు. మర్నాడు గోడకెక్కింది. మేకులు ఆయనే మట్టం చూసి కొట్టాడు. కానీ ఎంత మట్టం చూసినా ఎడమ వైపు గీత కుంగే ఉంది. చూసినవాళ్లలో ఒకరిద్దరు, "గీత జర వంకరొచ్చింది" అన్నారు. పిన్ని పక్కనే ఉండి కూడా నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత, మేం అశోక్‌నగర్‌కు మారాక, దాన్ని పిన్ని నాకే ఇచ్చింది. "ఆ వైపు విప్పి బాగు చేద్దామా పిన్నీ?" అని అడిగాను. "ఉండనీ. ఆ కథ నువ్వు పెళ్లిళ్లలో ఎలా చెబుతున్నావో నాకు తెలుసులే. చెప్పినప్పుడల్లా ఇంటికొచ్చి అటు చూసుకో" అంది. ఆవిడ కోపం కూడా ఆ ఒక్క పోగులాగే తిన్నగా ఉంటుంది.

అంచేత బావా, ఆ వంకర మా పిన్ని కొలతలో లేదు. నా చేతుల్లో ఉంది. వచ్చే ఆదివారం వస్తే ఈ మాట నీ ముఖం మీదే చెప్పి, పెరుగు గిన్నె నీ ముందు పెడతాను.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కోసారి ఆ గోడ దగ్గర నిలబడి, ఎడమ మూలను వేలితో పైకి నెడతాను. గీత తిన్నగా లేస్తుంది. టీ మరక దగ్గర అల కూడా కదిలినట్టుంటుంది. వేలు తీస్తే మళ్లీ కుంగుతుంది. గోనె వెనక పిన్నీసు చెప్పులేసుకున్న కుర్రాడొకడు చేతులు దించేసి, ఎవరైనా చూస్తారేమోనని ముఖం దాచుకుని నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. "ఎవరూ ఏమీ అనరురా, ఎత్తు" అంటాను. వెధవ, ఇప్పటికీ వినడు.